కొండ దించిన రాజు

దామోత్,
మత్తయి సంవత్సరం, హిదార్ నెల, మిఖాయేలు పండుగ మర్నాడు

దామోత్ పాలకుడు దెర్సో పంపిన ఈ ఉత్తరం గొందర్ కోటలో ఉన్న రాణి అల్గానెష్ చేతికి చేరుగాక. ఎలా ఉన్నావు? విడిపోయిన నాటి నుంచి నేటిదాకా మరీ మరీ ఎలా ఉన్నావు? నేనూ, నా ఇల్లూ, నా సైన్యమూ దేవుని దయవల్ల కులాసా.

చూశావా, రాణి అని రాయించాను. ఆ మాట చెప్పగానే మన జెనా గురువు కలం ఆపి నా ముఖంలోకి చూశాడు. "మన అల్గానెష్ గురించేనా దొరా?" అన్నాడు. "కాక మరెవరు? చెప్పింది రాయవయ్యా" అన్నాను.

కంచరగాడిద ఎక్కేటప్పుడు నువ్వు నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. మీ వదిన అది పట్టుకుని రోజూ నన్ను పొడుస్తోంది. నీ భర్త పోయి మూడేళ్ళు నిండలేదనీ, నిన్ను మళ్ళీ ఇంకో ఇంటికి తోలేశాననీ. నేనేం తోలెయ్యలేదమ్మా. పాత రాజు పోయాడు. గొందర్ పెత్తనమంతా చేతిలో ఉన్న సేనాపతి రాస్ దెన్‌బెరు, వెహ్ని కొండ మీద బందీలుగా ఉన్న రాజవంశీకుల్లోంచి ఒకణ్ణి దించి గద్దె మీద కూర్చోబెట్టాడు. ఆ రాజుకి సైన్యం ఉన్న ఇంటి పిల్ల కావాలన్నాడు. నేను కాదంటే ఇంకో మూడు ఇళ్ళు కాచుకుని ఉన్నాయి. నువ్వు అక్కడుంటే మన ఇంటికి నీడ.

రాస్ ఎవరితో కలిసి భోంచేస్తున్నాడో, ఎవర్ని తిడుతున్నాడో రాస్తూ ఉండు. నీ రాజెలా ఉంటాడో కూడా రాయి. మనిషి అసలు మాట్లాడతాడా అని ఇక్కడ అందరూ అడుగుతున్నారు.

నీ మేలు కోరే అన్న,
దెర్సో


గొందర్,
మత్తయి సంవత్సరం, తహ్‌సాస్ నెల, గబ్రియేలు పండుగ నాడు

నాన్నగారి తర్వాత నాకు నాన్నంతటి వాడైన నా అన్న దెర్సోకి. నువ్వు కులాసా, వదిన కులాసా అని తెలిసి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నేనూ బతికే ఉన్నాను.

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. నాన్నగారు నాకు కీర్తనలు చదవడం నేర్పించారు, నీకు గుర్రాలు నేర్పించారు. కనుక జెనా గురువు గారూ, ఇక్కడి నుంచి కాస్త గొంతు తగ్గించి చదవండి.

రాజు పేరు ఎషెతె. నలభై ఏళ్ళుంటాయి. కొండ మీదే పుట్టాడు. తల్లిని ఎరగడు. పట్టాభిషేకం రోజు గుర్రం ఎక్కిస్తే ఇద్దరు మనుషులు చెరో కాలూ పట్టుకుని నడిచారు. నవ్వొస్తోంది కదూ? నాకూ వచ్చింది. తర్వాత ఒకసారి నది ఒడ్డుకి తీసుకెళ్ళారు. కొండ మీద వాననీళ్ళ తొట్టె తప్ప నీళ్ళే ఉండవట. చాలాసేపు అలాగే నిలబడిపోయి, నా చెవిలో మెల్లిగా "ఇంత నీళ్ళూ ఎవరి కోసం పోతున్నాయి?" అని అడిగాడు. అప్పట్నుంచి నాకు నవ్వు రావడం లేదన్నయ్యా.

కొండ మీద ఒక ముసలి కాపలావాడు ఆయనకి నేత నేర్పాడు. ఇక్కడ కూడా వెనక పెరట్లో గుంట తవ్వించుకుని మగ్గం వేసుకున్నాడు. రాజన్నవాడు నేత నేస్తాడా! రాస్‌కి ఒక మేనత్త ఉంది, సెహిన్ అమ్మ. కోటలో ఆడవాళ్ళందరి మీదా ఆవిడదే పెత్తనం. నిన్న అందరి ముందూ "ఏమ్మా రాణీ, మీ ఆయనకి సింహాసనం గుచ్చుకుంటోందా, గుంటలో దిగాడు?" అంది. "గుంటలో ఉన్నవాడు కింద పడడు లెండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అనకుండా ఉండాల్సిందేమో.

ఎషెతెకి రాజ్యం వద్దు. ఆ మాట నాతో మూడుసార్లు అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ వద్దు.

నీ చెల్లెలు,
అల్గానెష్


దామోత్,
మత్తయి సంవత్సరం, తిర్ నెల, బాప్తిస్మ పండుగ వారంలో

రాణి అల్గానెష్‌కి దెర్సో రాయించింది. ఎలా ఉన్నావు? మేమంతా కులాసా. చిన్నవాడికి దగ్గొచ్చి తగ్గింది. ఎర్ర ఆవు ఈనింది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. చాలా తెలివిగా రాశావు. రాజ్యం వద్దనడం పెద్ద ఇళ్ళవాళ్ళ మర్యాద. పెళ్ళిలో మొదటి ముద్ద వద్దనే పెళ్ళికొడుకు ఆకలితో లేడని ఎవడైనా అనుకుంటాడా? నలభై ఏళ్ళు బందీగా ఉన్నవాడు ఇంకొకడి చేతిలో బొమ్మగా ఉండనంటున్నాడని నాకు అర్థమైంది. "గుంటలో ఉన్నవాడు కింద పడడు" అన్న మాటకి మా ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. మన నాన్న కూతురివి అనిపించావు.

ఇక్కడ ముగ్గురు సర్దార్లతో మాట్లాడాను. రాస్ అంటే వాళ్ళకీ కడుపుమంటే. రాజు నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలు, కదులుతారు. తొందరేం లేదు. ఆయనకి గుర్రం నేర్పించు. నువ్వు మాత్రం కొడుకుని కను.

నీ అన్న,
దెర్సో


గొందర్,
మత్తయి సంవత్సరం, మెగాబిత్ నెల, ఉపవాసాల నడుమ

అన్నయ్యకి అల్గానెష్ నమస్కారాలు.

ఎక్కువ రాయలేను. మా ఉత్తరాలు విప్పి చూస్తున్నారని తెలిసింది.

ఎషెతె ఇక ఈ ఇంట్లో ఉండలేడు. ఈస్టరు అయ్యాక నువ్వు వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళు. దారి మంచిది కాదు, మనుషుల్ని తెచ్చుకో. మన తేనెపట్లు చూడాలని ఆయనకి మహా కోరికగా ఉంది.

అల్గానెష్


దామోత్,
మత్తయి సంవత్సరం, మియాజియా నెల, జార్జి పండుగకి ముందు

రాణికి దెర్సో దండం.

అర్థమైంది తల్లీ, అంతా అర్థమైంది! "దారి మంచిది కాదు, మనుషుల్ని తెచ్చుకో." ఆ ఒక్క ముక్కా సర్దార్లకి వినిపించాను. ముగ్గురూ లేచి నిలబడ్డారు. తేనెపట్ల మాటకైతే పకపకా నవ్వారు. పొగపెట్టి తేనెటీగల్ని తరమడానికి మా దగ్గర మనుషులు కావలసినంత మంది ఉన్నారు.

జార్జి పండుగ కాగానే అబాయ్ నది దాటుతాం. వానలకి ముందే పని అయిపోవాలి. రాజు పేరు మీదే నగారా మోగిస్తాం. ఆయన్ని సిద్ధంగా ఉండమను. కిటికీలో ఒకసారి కనిపిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

ఈ ఉత్తరం తేనె వర్తకుడి బుట్టలో వస్తోంది. చదివి కాల్చెయ్యి.

దెర్సో


గొందర్,
మత్తయి సంవత్సరం, గిన్‌బోత్ నెల, మరియమ్మ పుట్టిన పండుగ తర్వాత

అన్నయ్యా,

ఎంత పని చేశావు?

నీ ఉత్తరం ఇవాళ చేరింది. వర్తకుణ్ణి దారిలో సుంకం దగ్గర ఆపేశారట. ఈలోగా నీ నగారా ఊరంతా వినబడింది. నేను సైన్యాన్ని రమ్మన్నానా? మమ్మల్ని మన ఇంటికి తీసుకెళ్ళమన్నాను. దారిలో దొంగలుంటారని మనుషుల్ని తెచ్చుకోమన్నాను. ఆయన నిజంగానే తేనెపట్లు చూడాలనుకున్నాడన్నయ్యా.

జరిగింది చెప్తాను, విను. ఒక మఠం భూములు లాక్కోవడానికి రాస్ రాజముద్ర అడిగాడు. ఎషెతె "ఎందుకు?" అన్నాడు. అంతే. రాజన్నవాడు ఆ మాట అనకూడదట. ఆ వారంలోనే కొండ మీంచి ఇంకొకణ్ణి, పదహారేళ్ళవాణ్ణి, దించుతారని కోటంతా గుసగుసలు. గద్దె దిగిన రాజు మళ్ళీ కొండ ఎక్కుతాడు, లేదా విషం తాగుతాడు. నువ్వేమో రాలేదు.

అప్పుడు ఎషెతె అన్నాడు: "అవయవం లోపించినవాడు రాజు కాకూడదు కదా. నా ముక్కు కోసెయ్యి. ఇక నేను ఎవరికీ పనికిరాను, నన్ను చూసి ఎవరూ భయపడరు."

"పిచ్చి మాటలు మాట్లాడకండి" అన్నాను.

"పిచ్చి కాదు. మా బాబాయికి ఇలాగే చేసి వదిలేశారు. పెరట్లో మిరపకాయలు పెంచుకుంటూ పోయాడు."

"ముక్కు వద్దు. నేను రోజూ చూడాలి కదా ఆ ముఖం. చెవి చాలదా?"

"చెవి చాలుతుందా?" అని ఆయనే నన్ను అడిగాడు. సంతలో బేరమాడినట్టు ఆడుకున్నామన్నయ్యా. చివరికి ఎడమ చెవి దగ్గర తెగింది. తన చెవి తనకి కనబడదు కనుక కత్తి నేనే పట్టాను. సెహిన్ అమ్మా ఆడవాళ్ళూ పూజకి వెళ్ళిన సమయం. ఆయన నోట్లో నూలు కుక్కుకుని కూర్చున్నాడు. నా చెయ్యి మొదటిసారి జారింది. ఇంతకు మించి రాయలేను.

రాస్ వచ్చి చూశాడు. తర్వాత "కొండ మీద పుట్టినవాడికి ఇంత తెలివెక్కడిదిరా? సరే పో, ఏ సాలెపల్లెలోనో కూర్చుని బట్ట నేసుకో" అన్నాడు. నిజంగా అన్నాడన్నయ్యా. మూటలు కట్టుకున్నాం. ఎషెతె మగ్గం విప్పి తాళ్ళు చుట్టుకున్నాడు. అప్పుడు వినబడింది నీ నగారా.

ఇప్పుడు గుమ్మం ముందు బల్లాలవాళ్ళు నిలబడ్డారు. "అన్నేమో గద్దె కోసం వస్తున్నాడు, చెల్లెలేమో చెవి కోసి నా కళ్ళకి గంతలు కట్టింది" అంటున్నాడు రాస్. తెలియదంటే ఎవరు నమ్ముతారు?

ఇంకో మాట. నాకు ఆరో నెల. మంచి రోజు చూసి చెబుదామని దాచాను.

వెనక్కి వెళ్ళిపో. కాళ్ళు పట్టుకుంటాను.

అల్గానెష్


దామోత్,
మత్తయి సంవత్సరం, సెనె నెల, తొలి వానలు పడ్డాక

అల్గానెష్‌కి దెర్సో.

ఎలా ఉన్నావని అడగను. నేనెలా ఉన్నానో చెప్తాను, విను.

గొందర్ పొలిమేరలో మేం దిగాం. ఎదురుగా రాస్ సైన్యం. వాళ్ళ చాటింపువాడు బయటికొచ్చి "మీ రాజుకి ఎడమ చెవి లేదర్రా! కుడి చెవిలో చెప్పుకోండి మీ గోడు!" అని అరిచాడు. వాళ్ళు నవ్వారు. తర్వాత మావాళ్ళూ నవ్వారు. సర్దార్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాజు కాలేని వాడి కోసం చావడానికి ఎవడొస్తాడు? పొద్దు వాలేసరికి నా వెనక ఉన్నది నా సొంత ఊరి మనుషులే. అల్గానెష్, నువ్వు కోసింది అతని చెవి కాదు, నా ముక్కు.

తప్పు ఒప్పుకున్న గుర్తుగా మెడ మీద రాయి మోసుకుంటూ వెళ్ళి రాస్ కాళ్ళ ముందు పడ్డాను. నాన్న ఉంటే చచ్చిపోయేవాడు. భూమి సగం పోయింది. తల మిగిలింది. నీ గురించి బతిమాలాను. ఎవరి గురించీ అంతలా బతిమాలలేదు. ఒప్పుకున్నాడు: నువ్వూ అతనూ సాలెపల్లెలో కాపలా కింద ఉండచ్చు. పుట్టేది ఆడపిల్లయితే మీ దారి మీది. మగపిల్లాడయితే రాజరక్తం కనుక కొండే గతి, తండ్రితో సహా.

ఒక్క ముక్క ముందే విడమరిచి రాసి ఉంటే ఇదంతా జరిగేదా?

నది పొంగుతోంది. వానలు వెళ్ళేదాకా ఉత్తరాలు దాటవు. మీ వదిన నీకు ఉన్ని దుప్పటి పంపింది.

దెర్సో


గొందర్ దగ్గర సాలెపల్లె,
కొత్తగా వచ్చిన మార్కు సంవత్సరం, మెస్కెరెమ్ నెల, సిలువ పండుగ నాడు

దెర్సో దొరగారికి, అల్గానెష్ చెప్పగా రాస్‌గారి లేఖకుడు రాసిన ఉత్తరం. నేను క్షేమం. నా భర్త క్షేమం. దేవుడు మాకు ఆడపిల్లని ఇచ్చాడు. పిల్ల బాగుంది. దిష్టి తగులుతుందని ఎవరికీ చూపించడం లేదు. రాస్‌గారి దయకి మేం రుణపడి ఉన్నాం. మీరు మా గురించి ఏమీ చేయనక్కర లేదు. ఏమీ చేయవద్దు.


దామోత్,
మార్కు సంవత్సరం, తికింత్ నెల

చిట్టితల్లి అల్గానెష్‌కి దెర్సో ముద్దులు. ఎలా ఉన్నావు? పాప ఎలా ఉంది? ఎవరి పోలిక?

ఆడపిల్ల అన్న మాట చదవగానే జెనా గురువు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మీ వదిన ఇరుగుపొరుగుకి నువ్వుల గంజి పంచింది. తొలి వానల నాటి నుంచి మన ఇంట్లో ఎవరూ నవ్వలేదు తెలుసా?

"ఏమీ చేయవద్దు" అని రాశావు. నా మీద నీకింకా కోపం పోలేదని తెలుస్తూనే ఉంది. లేఖకుడి చేత రాయించావు, నీ చేత్తో రాయనైనా లేదు. సరే, కోప్పడు. కానీ అన్న అన్నవాడు ఎలా ఊరుకుంటాడు? రాస్ మాట గాలి లాంటిది. ఇవాళ వదిలినవాడు రేపు పట్టుకుంటాడు. మీకు గట్టి పునాది ఒకటి కావాలి. అందుకని మంచి పని చేశాను. రాస్ మేనల్లుడి కొడుక్కి, వాడికింకా పళ్ళు రాలేదు, మన పాపని ఇస్తానని మాటిచ్చాను. వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. రాస్ ఇంటి కోడలి తల్లిదండ్రుల్ని ఇక ఎవడు తాకుతాడు?

సెహిన్ అమ్మే స్వయంగా వచ్చి పాపకి కొత్తబట్ట కప్పుతుందట. మంచి రోజు చూసుకుని బయల్దేరుతుంది. ఇంట్లో తేనెసారా ఉంచు. ఆవిడతో నోరు జారకు.

నీ అన్న,
దెర్సో


వెహ్ని కొండ కింద,
మార్కు సంవత్సరం, హిదార్ నెల, సీయోను మరియమ్మ పండుగ నాడు

అన్నయ్యకి అల్గానెష్ రాస్తున్నది.

నా చేత్తోనే రాస్తున్నాను. ఇప్పుడిక దాచడానికి ఏమీ లేదు.

పుట్టింది కొడుకు. మంత్రసాని మంచిది. "ఆడపిల్ల" అని గుమ్మం దాకా వెళ్ళి కేక వేసింది. కాపలావాళ్ళు విన్నారు, లేఖకుణ్ణి పంపారు. అతని ముందు నీకు నిజమెలా చెప్పను? "ఏమీ చేయవద్దు" అని రెండుసార్లు చెప్పాను. రెండోసారి చెబుతుంటే అతను వింతగా చూశాడు.

మగపిల్లాడికి నలభయ్యో రోజున, ఆడపిల్లకి ఎనభయ్యో రోజున బాప్తిస్మం ఇస్తారు కదా. నలభయ్యో రోజు ఊరుకున్నాను. గుడి గంట వినబడుతోంది, బిడ్డ నా ఒళ్ళో ఉన్నాడు. బాప్తిస్మం లేకుండా పోతే వాడి గతేమిటని ఎషెతె గోడకేసి తల ఆనించి నిలబడ్డాడు. ఎనభయ్యో రోజు రాకముందే, పిల్లకి గాలి మార్పు కావాలని చెప్పి నది దాటేద్దామనుకున్నాం. ఎషెతె రెండు నిలువుల బట్ట నేశాడు, పడవవాడికి ఇద్దామని.

సెహిన్ అమ్మ వచ్చింది. వెంట పదిమంది ఆడవాళ్ళు, పాటలు, పళ్ళెంలో కొత్తబట్ట. నీ ఉత్తరం అప్పటికి నాకు అందలేదు. ఎందుకొచ్చారో తెలియక నిలబడిపోయాను.

"ఏమ్మా, మా కోడల్ని చూపించవూ?" అంది.

"ఎవరి కోడలమ్మా?"

"విన్నారటర్రా! తల్లికే తెలియదట!" అని నవ్వుతూ ఒళ్ళోకి తీసుకుంది. "నిద్రపోతోంది, లేపకండి" అన్నాను. "నిద్రలోనే కప్పుతాలే. ఒంటి మీద మచ్చేమైనా ఉందేమో చూడొద్దూ?" అంటూ గుడ్డ విప్పింది.

పాట ఆగిపోయింది.

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. మళ్ళీ గుడ్డ చుట్టి, బిడ్డని నా చేతుల్లో పెట్టి, చాలా మెల్లిగా "ఇంతమందితో రాకుండా ఉండాల్సిందే పిల్లా" అంది. అంతమంది చూశాక ఆవిడ మాత్రం ఏం చెయ్యగలదు? తెచ్చిన బట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. సాయంత్రానికి బల్లాలు వచ్చాయి.

నీ మీద నాకు కోపం లేదు. ఉందని రాస్తే నువ్వు మళ్ళీ ఏదో ఒకటి చేస్తావు. ఒక్కటే అడుగుతున్నాను, ఇక రాస్ దగ్గరికి వెళ్ళకు. మా కోసం ఎవర్నీ బతిమాలకు. మేం పట్టుబడ్డామని విని నన్ను దామోత్‌కి పంపేయమని నువ్వు అడిగావట, రాస్ సరేనన్నాడట. "వెళ్ళు, నీకు దారి ఉంది" అని కాపలా నాయకుడు రెండుసార్లు చెప్పాడు. నేను వెళ్ళనన్నాను.

ఎషెతె దారంతా బిడ్డని తనే మోశాడు. కొండ కనబడ్డాక "నాకు తెలిసిన చోటే కదా" అన్నాడు. నన్ను ఊరడించడానికే అన్నాడు. తర్వాత పక్కకి తిరిగి ఏడ్చాడు. వాగు దాటేటప్పుడు బిడ్డని కిందికి వంచి, వాడి చేతిని నీళ్ళలో ముంచి, చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.

రాత్రి బస చేసిన చోట పూజారి వాడికి బాప్తిస్మం ఇచ్చాడు. పేరు హాబ్తే. జెనా గురువు గారిని ప్రార్థనలో ఆ పేరు తలుచుకోమను.

కొండ మీద ఆడవాళ్ళని ఉంచరట. పాలిచ్చే తల్లి కనుక నన్ను ఎక్కనిస్తున్నారు. పాలు మాన్పించిన రోజున నన్ను దించేస్తారు, మళ్ళీ ఎక్కనివ్వరు. ద్వారం దగ్గర ముసలి కాపలావాడు ఒకడున్నాడు. "ఎన్నాళ్ళు పాలిస్తావు తల్లీ?" అని అడిగాడు.

"ఎన్నాళ్ళు ఇవ్వచ్చు?"

"ఒకావిడ నాలుగేళ్ళు ఇచ్చింది. తర్వాత పిల్లాడే వద్దన్నాడు." గడియ తీస్తూ, "తిండి బాగా తిను. సంకటి వద్దనకు" అన్నాడు.

కొండ పైనుంచి తాళ్ళు దించారు. ముందు ఎషెతెని లాగుతున్నారు. తర్వాత మేము.

అల్గానెష్